మీ పన్ను మేం కడతాం

శుద్ధ తదియ

చందమామ మీద కాపురం పెట్టినవాళ్ళం చందమామ తిథులు లెక్కపెట్టుకోలేం కదా, అందుకని భూమి తిథులతోనే రోజులు నెట్టుకొస్తున్నాం. ఇవాళ భూమి తదియ. కిటికీలో గోరంత కనబడుతోంది. నా కుర్చీలో ఇవాళ కూడా ఎవరూ కూర్చోలేదు.

పొద్దున్నే వంతు తొక్కి వచ్చాను. తొక్కుడుశాల గుమ్మం మీద ‘గాలి పన్ను చెల్లించు స్థలం’ అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది గానీ, మా మూడో వరసలో, అంటే మూడో అంతస్తులో, అందరం దాన్ని వంతు అనే అంటాం. పెడళ్ళు తొక్కితే పంకాలు తిరుగుతాయి, తిరిగితే గాలి వస్తుంది, వస్తే బతుకుతాం. ఒకరి బదులు ఇంకొకరు తొక్కినా యంత్రానికి అభ్యంతరం లేదు. వరసగా రెండు పక్షాల వంతు ఎవరూ తొక్కకపోతే మాత్రం, పక్షం మారగానే ఆ ఇంటికి సగం గాలే వదులుతుంది.

నేను దంతవైద్యురాలిని. అసలు నాలాంటి దానికి ఇంతకంటే మంచి ఊరు దొరకదు. ఇక్కడ ఒంటికి బరువు లేక ఎముక పలచబడుతుంది, దవడ వదులై పళ్ళు ఊగుతాయి. తిండి చూద్దామా అంటే తొట్లలో పెంచిన పాచిని ఎండబెట్టి చేసిన రొట్టె. తినేదీ పాచే, పళ్ళకి పట్టేదీ పాచే. అయినా నా కుర్చీ ఖాళీ. పై వరసలో ‘ముత్యాల నోరు’ అని ఒక ఆస్పత్రి తెరిచారు. చిగుట్లో విత్తనం పెడితే నెల తిరిగేసరికి పన్ను మొలుస్తుందట. నేనింకా ఇక్కడి మట్టిని కాల్చి, అరగదీసి పన్ను కట్టేదాన్ని. ఆ విత్తనాల విద్య వచ్చిన కొత్తలో నేర్చుకోమని అందరూ చెప్పారు. నాకేం ఖర్మ అనుకున్నాను. ఇప్పుడనుకుని ఏం లాభం?

సాయంత్రం బుచ్చిలింగం వచ్చాడు. పంచాయితీ గుమాస్తా. చాటింపు వేసేదీ అతనే, తొక్కుడుశాల చూసుకునేదీ అతనే.

“డాక్టరుగారూ, చెప్పడానికి నాకే బాధగా ఉందండి. వచ్చే నెల కూడా కుర్చీ ఇలాగే ఉంటే ఈ గదిని ముత్యాల నోరు వాళ్ళకి ఇచ్చేస్తారట. ఖాళీ గదికి గాలి దండగంటున్నారు పెద్దలు.”

“నన్నేం చెయ్యమంటావు? జనం పళ్ళు రాలగొట్టి లాక్కురమ్మంటావా?”

“చాటింపు వేయించండి. నోరుంటే తల కాస్తుందంటారు.”

నాకు రోషం వచ్చింది. అక్కడికక్కడే రాసిచ్చాను: మీ ఊడిన పన్ను మేం కడతాం. అతను వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, వ్యాపార చాటింపుకి నాలుగు మాటలకే అనుమతన్నాడు.

“‘మీ’ తీసేద్దామండి.”

“అదే వద్దు. అది తీసేస్తే ఆప్యాయత పోతుంది. ‘ఊడిన’ తీసెయ్. పొద్దున్నే జనం చెవిలో ఊడిందీ రాలిందీ అని పడితే బాగుంటుందా, అశుభం!”

తీసేశాడు. మిగిలిన నాలుగు మాటలూ పైకి చదివి, “భలే ఉందండీ!” అని పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఈ వయసులో కూడా నాకు ఇలాంటివి తడతాయన్నమాట.

శుద్ధ షష్ఠి

హైమావతి డాక్టరమ్మగారు చెప్పేదేమంటే, మీ పన్ను మేం కడతాం. నిన్నంతా గోడగోడకీ ఇదే మోత. ఇవాళ తలుపు తీసేసరికి గుమ్మంలో మనుషులు! అందరూ అడుగు వరస వాళ్ళే, అందరూ పెద్దవాళ్ళే. ఎంత కాలమైందో నా గుమ్మంలో ఇంతమందిని చూసి. కళ్ళనీళ్ళు వచ్చాయంటే నవ్వుతారు గానీ, వచ్చాయి.

వాళ్ళలో అప్పలనర్సమ్మ అని ఒకావిడ ఉంది. అరవై దాటి ఉంటాయి. మోకాళ్ళు పట్టుకుంటూ లోపలికొచ్చింది. ముందుపన్ను లేదు.

“సాటింపు ఇన్నాను తల్లీ. నిజవేనా? పన్ను నువ్వే కట్టీస్తావా?”

“నిజం కాకపోతే చాటింపెందుకు వేయిస్తాను?”

“ఎవులు వొచ్చినా కడతావా?”

“ఎవరొచ్చినా కడతాను.”

“ఓలమ్మ! నీ కడుపు సల్లగుండ. మాయి రెండు పన్నులమ్మా. నాదొకటీ, మా ముసిలోడిదొకటీ.”

“పన్నులు కాదు నర్సమ్మా, పళ్ళు అనాలి” అని నవ్వాను.

“మీరు సదూకున్నోరు, ఎలాగన్నా అనండి. కడితే సాలు.”

కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమన్నాను. ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. “పన్ను కట్టడానికి నోరెందుకమ్మా?”

“నోరు చూడకుండా పన్ను కట్టే డాక్టరుని ఎక్కడైనా చూశావా?”

సరేనని తెరిచింది. పళ్ళ డాక్టరు దగ్గర ఇంత బుద్ధిగా కూర్చునే మనిషిని నేను చూడలేదు. సన్నగా అరగదీసి, పక్క పళ్ళ రంగుకి సరిపోయే పన్ను ఏరి కట్టాను. బాగా కుదిరింది. అద్దంలో చూపిస్తే ఒకసారి చూసి అద్దం పక్కన పెట్టేసింది.

“మరింక నాకు దిగుల్నేదు గదా?” అంది లేస్తూ.

“ఏ దిగులూ పెట్టుకోకు. ఇంక నీ పన్ను నా పూచీ.”

“మరి మా ముసిలోడిదో?”

“ఆయన్నీ తీసుకురా.”

“మంచం దిగనేడమ్మా. రాయి తవ్వీ తవ్వీ ఊపిరితిత్తులు పోనాయి. ఆ పొడంతా లోపల్నే ఉన్నాది.”

“అయితే వీలు చూసుకుని నేనే వచ్చి కడతాను.”

నా కాళ్ళ మీద పడబోయింది. పట్టుకుని ఆపేశాను. ఒక్క పన్నుకి ఇంత సంతోషమేమిటో! పైడిరాజు అని ఆయన పేరు రాసి పెట్టుకున్నాను. తొందరేముంది, మంచాన ఉన్న మనిషి ఎక్కడికి పోతాడు?

పౌర్ణమి

చేతులు పడిపోతున్నాయి. ఎన్నాళ్ళకి పడిపోతున్నాయి! అడుగు వరస వాళ్ళతో మొదలై ఇప్పుడు నడిమి వరసల వాళ్ళు కూడా వస్తున్నారు. చాటింపు వినగానే నవ్వొచ్చిందనీ, ఎవరు రాశారనీ అడుగుతున్నారు. నేనే అని చెబుతుంటే ఒళ్ళు పొంగుతోంది. ఒక కుర్రజంట అయితే ఆ నాలుగు మాటలూ పాటలా పాడుకుంటూ వచ్చారు. ముత్యాల నోరు వాళ్ళు కూడా ఏదో చాటింపు వేయించారు, ఒక్కడికీ గుర్తు లేదు.

పొద్దున తొక్కుడుశాలకి వెళితే సగం సీట్లు ఖాళీ. బుచ్చిలింగం గడ్డం గీరుకుంటూ నిలబడ్డాడు.

“అడుగు వరస వాళ్ళు రావడం మానేశారండి. ముఖ్యంగా పెద్దవాళ్ళు. ఎందుకో అంతు పట్టడం లేదు.”

“బద్ధకం! బద్ధకానికి మందేముంది? వాళ్ళ కాళ్ళు నొప్పి, మన కాళ్ళు రాతివా?” అన్నాను.

పైడిరాజు దగ్గరికి ఈ పక్షంలో వెళదామనుకున్నాను. తెమల్లేదు.

బహుళ ద్వాదశి

గాలి బరువుగా ఉంటోంది. పంకాలు మూలుగుతున్నాయి. మధ్యాహ్నానికల్లా తలనొప్పి, రోగులకీ అంతే. వాళ్ళూ నేనూ కలిసి అడుగు వరసని తిట్టుకుంటున్నాం. ఒకరు సోమరిపోతులన్నారు, ఇంకొకరు అందరికీ సగం గాలి చేస్తే గానీ బుద్ధి రాదన్నారు. నేను నోట్లో పనిముట్టు పెట్టి ఊఁ కొడుతున్నాను.

గది నాకే ఉంచారు. పంచాయితీ పెద్ద స్వయంగా వచ్చి చెప్పాడు, తనకీ ఒక పన్ను కట్టించుకున్నాడు. రాత్రి ఒంటరిగా కూర్చుని పాచి రొట్టెకి కాస్త బెల్లం రాసుకుని తిన్నాను. పండగ చేసుకున్నానన్నమాట.

శుద్ధ చవితి

ఇవాళ్టి సంగతి ఉన్నదున్నట్టు రాయాలని చూస్తున్నాను.

పాడ్యమి నాడు అడుగు వరసలో చాలా ఇళ్ళ గుమ్మాల మీద పసుపు దీపాలు వెలిగాయని విన్నాను. సగం గాలి చేసిన ఇళ్ళకి ఆ దీపం వెలుగుతుంది. తొక్కనివాళ్ళకి తగిన శాస్తి అనుకున్నాను. ఇవాళ ఒక రోగి రాలేదు, కాస్త తీరిక దొరికింది, పైడిరాజుకిచ్చిన మాట గుర్తొచ్చింది. సంచి సర్దుకుని అడుగు వరసకి దిగాను. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి నేను అంత లోతుకి దిగడం ఇదే మొదటిసారి. సిగ్గుపడుతున్నాను.

వాళ్ళ గుమ్మం మీద కూడా పసుపు దీపం. పైడిరాజు మంచం మీద గోడకి ఆనుకుని, నోరు తెరుచుకుని కూర్చున్నాడు. నోటితో పీలుస్తున్నాడు. పీల్చినప్పుడల్లా మెడనరాలు లేస్తున్నాయి.

“డాక్టరమ్మ... వొచ్చినాది. పీటెయ్యే” అన్నాడు పెళ్ళాంతో.

నేను సంచి తెరిచి, “ఆలస్యమైంది, ఏమనుకోకండి. ఇవాళ మీ పన్ను కట్టేసే వెళతాను” అన్నాను.

ఆయన పెళ్ళాం వంక చూశాడు. “ఇంకా... కట్టనేదేటి?”

“అదేటమ్మా!” అంది అప్పలనర్సమ్మ. “ఎప్పుడో కట్టీసుంటావనుకున్నాం. ఆ దీపం ఎందుకెలిగినాదో మాకు తెల్డం నేదు. యంత్రం పాడైపోనాదేమో, నువ్వే సెప్పి బాగు సేయించాల.”

“యంత్రానికీ పంటికీ ఏం సంబంధం నర్సమ్మా?”

“పంటికి కాదమ్మా, పన్నుకి. గాలి పన్నుకి. కడతానన్నావు గదా? నీ పూచీ అన్నావు గదా? ఆ పొద్దుకాడ్నుంచి నాను తొక్కుడు మానీసినాను.”

నాకు వెంటనే అర్థమైంది. అర్థం కానట్టు ఇంకో ప్రశ్న వేశాను. “మరి నీ నోట్లో కట్టానుగా?”

“అదా? గురుతనుకున్నాను. ఎవులెవులిది కడతన్నావో తెల్డానికి నోట్లో గురుతెడతన్నావనీసి. ఈ వరసలో ముసిలోల్లం అందరం అలగే అనుకున్నాం. మోకాల్లు పోనోల్లం. డాక్టరమ్మ గదా, ఒంట్లో బాగోనోల్ల కట్టం తెలిసింది అనుకున్నాం.”

ఇన్నాళ్ళూ ఇద్దరి వంతూ ఆవిడే తొక్కేది. ఆ మోకాళ్ళతో. నాకు చూపించుకోవడానికి వచ్చిన రోజు ఆవిడ ‘పన్నులు’ అంది. మా వరసలో వంతు అనేదాన్ని కింద వీళ్ళు పన్నంటారు. పంటికి బహువచనం పళ్ళు, పన్నులు అయితే అవి వేరే పన్నులని పలక పట్టిన పిల్లకి తెలుసు. నాకూ తెలుసు. ఆవిడ చెప్పిన మాట వినకుండా ఆవిడ తెలుగు దిద్దాను.

అప్పుడైనా చెప్పాల్సింది. తప్పు నాది, ఆ మాటకి అర్థం అది కాదు, ఈ క్షణం నుంచి మళ్ళీ తొక్కండి అనాల్సింది. ఆ మొహాలు చూసి చెప్పలేకపోయాను.

“రేపటికల్లా సరిచేయిస్తాను” అన్నాను.

“అదిగో, నాను సెప్పలేదా?” అంది అప్పలనర్సమ్మ మొగుడితో, ధీమాగా.

పైకి పరిగెత్తుకెళ్ళి, మత్తు ఇచ్చినప్పుడు వాడే ఆక్సిజన్ బుడ్డి తెచ్చి ఆయన పక్కన పెట్టి, గొట్టం ముక్కుకి తగిలించాను. పొదుపుగా వాడితే ఎల్లుండి దాకా వస్తుంది. నా గదికి వచ్చి పడుకోమని అడిగాను, అక్కడ గాలి నిండుగా ఉంటుందని.

“వొద్దమ్మా. నా మంచం... నాకు సాలు. పైకొచ్చి... ఆల్ల మొకాలు సూడనేను” అన్నాడు.

ఇంకొక్కసారి గట్టిగా అడిగితే వచ్చేవాడేమో. అడగలేదు. రేపు కుర్చీ పొద్దున్నుంచీ నిండి ఉందని నా లోపల ఎక్కడో లెక్క నడుస్తోంది.

శుద్ధ పంచమి

తెల్లవారగానే తొక్కుడుశాలకి వెళ్ళి పైడిరాజు పేరు చెప్పి తొక్కడం మొదలుపెట్టాను. కాళ్ళు చచ్చిపోయేదాకా తొక్కాను. బాకీ చూపించే ముల్లు కదిలీ కదలనట్టుంది. ఆ ఇంటికి ఇద్దరి బాకీ, అలాంటి ఇళ్ళు ఆ వరసలో ఎన్నో. నేనొక్కదాన్ని తొక్కితే మళ్ళీ అమావాస్య వస్తుంది.

బుచ్చిలింగానికి అంతా చెప్పాను. అతను సీటు మీద కూలబడ్డాడు.

“మీరు కావాలనే చమత్కారం చేశారనుకున్నానండి. రెండర్థాలూ తెలిసే రాశారనుకున్నాను. అందుకే అంత నవ్వాను. కింద నిజంగా నమ్ముతారని... ఛ!”

“సగం గాలి ఎత్తించు.”

“నా చేతిలో లేదండి. యంత్రం కోస్తుంది, బాకీ తీరాకే వదులుతుంది. కానీ ఒక దారుంది. ఉన్నదున్నట్టు చాటింపు వెయ్యండి. పొరపాటు నాది, కింద గాలి లేదు, నాలుగు కాళ్ళు వెయ్యండి అనండి. మన జనం పనికిమాలినవాళ్ళేం కాదు. సాయంత్రానికి తీరిపోతుంది.”

“అలా అంటే ముత్యాల నోరు వాళ్ళు పళ్ళికిలించరూ? పన్ను అన్న మాట రాయడం రానిది పన్నేం కడుతుందంటారు. ఆగు, నేను రాసిస్తాను.”

గదికి వచ్చాను. గుమ్మంలో రోగులు. ఒకరి తర్వాత ఒకరిని చూస్తూ, మధ్యమధ్య రాస్తూ కొట్టేస్తూ కూర్చున్నాను. ‘పొరపాటు’ అని రాస్తే ఎబ్బెట్టుగా ఉంది. ‘మా వల్ల’ అంటే మరీ దిగజారినట్టుంది. నా నోటికి అడ్డం పడింది అహంకారమని ఇప్పుడు ఈ రాత చూస్తుంటే కనబడుతోంది. అప్పుడు మాత్రం పరువు అనుకున్నాను. చివరికి సాయంత్రం అవుతుండగా పంపించింది ఇది:

‘హైమావతి దంతవైద్యశాల పూర్వ ప్రకటన దంతములకు మాత్రమే సంబంధించినది. అపార్థము చేసుకొన్నవారు తమ బకాయిలను తామే చెల్లించుకొనగలరు.’

బుచ్చిలింగం చదివి, “ఇది కింద ఎవరికి అర్థమవుతుందండీ? పైగా తప్పు వాళ్ళదన్నట్టుంది” అన్నాడు.

“వెయ్యవయ్యా, వేళ మించిపోతోంది” అని కసిరాను. పొద్దున్నించీ మించనిచ్చింది నేనే.

చాటింపు మోగింది. ఎవరూ రాలేదు. వీధిలో ఇద్దరు మాట్లాడుకుంటూ పోతుంటే విన్నాను, దంతములకు సంబంధించినదట, పళ్ళపొడి గొడవేమోలే అని.

రేపు పొద్దున్నే సరిగ్గా వేయిద్దాం. ఎలాగూ బుడ్డి రేపటిదాకా వస్తుంది.

శుద్ధ షష్ఠి

రాలేదు. పైడిరాజు తెల్లవారుజామున పోయాడు.

కబురు తెలిసి పరిగెత్తాను. అప్పలనర్సమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. బుడ్డి అక్కడ లేదు. పక్కింట్లో ఉంది, గొట్టం ఒక చంటిపిల్ల ముక్కుకి ఉంది. ఆ ఇంటి మీదా పసుపు దీపమే.

“రాత్రి ఆ గుంట కళ్ళు తేలేసినాదమ్మా. మా ముసిలోడే తీసిచ్చీమన్నాడు. డాక్టరమ్మ సరిసేయిస్తానన్నాది గదా, ఇయాల కాకపోతే రేపవుద్ది, ఒక్క రాత్రికి నాకేటవుద్ది అన్నాడు. నానూ అదే అనుకున్నాను.”

ఆవిడ నన్ను నిందిస్తున్నట్టు కూడా అనలేదు. జరిగింది చెప్పింది, అంతే. నేనిచ్చిన మాట మీద ఆయన తన ముక్కు నుంచి గొట్టం తీసి ఇంకొకరికిచ్చాడు. నా మాట మీద ఒకసారి ఆవిడ తొక్కుడు మానేసింది, ఇంకోసారి ఆయన ఊపిరి మానేశాడు. నేను నిన్నంతా ఒక మాట రాయలేక కూర్చున్నాను.

అక్కడినుంచి తిన్నగా బుచ్చిలింగం దగ్గరికి వెళ్ళాను. కాగితం అడగలేదు. చాటింపు గొట్టం దగ్గర నోరు పెట్టి నా గొంతుతోనే చెప్పాను.

“నేను హైమావతిని, పళ్ళ డాక్టర్ని. పన్ను కడతామని చాటింపు వేయించింది నేను. అది నోట్లో పన్ను. అడుగు వరసలో పెద్దవాళ్ళు గాలి పన్ననుకుని నన్ను నమ్మి తొక్కుడు మానేశారు. తప్పు వాళ్ళది కాదు, నాది. ఇవాళ పైడిరాజుగారు గాలాడక పోయారు. చంటిపిల్లలున్న ఇళ్ళల్లో గాలి లేదు. మీ కాళ్ళ మీద పడతాను, ఎవరు తొక్కగలిగితే వాళ్ళు రండి.”

రావడమంటే అలా ఇలా రాలేదు. తొక్కుడుశాల గుమ్మం పట్టలేదు. అడుగు వరసని నాతో కలిసి తిట్టిన రోగులు వచ్చారు. పంచాయితీ పెద్ద పంచె ఎగ్గట్టి వచ్చాడు. ముత్యాల నోరు డాక్టరమ్మాయి తన కాంపౌండర్లని వెంటేసుకుని వచ్చి, నా వైపు చూడకుండా, నవ్వకుండా ఎక్కి తొక్కింది. సీట్లు చాలక జనం వంతులేసుకున్నారు. ఏ ఇంటి పేరు చెప్పాలో బుచ్చిలింగం గొంతు పోయేలా అరుస్తున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా అడుగు వరసలో పసుపు దీపాలన్నీ ఆరిపోయాయి.

మధ్యాహ్నానికల్లా! ఇంతసేపటి పని. నిన్న పొద్దున ఈ నాలుగు మాటలు అని ఉంటే నిన్న మధ్యాహ్నానికే అయిపోయేది. పైడిరాజు తన మంచం మీద కూర్చుని, ఎవరి మొహమూ చూడనక్కర్లేకుండా గాలి పీల్చుకునేవాడు. ఈ ఒక్క సంగతి తలుచుకోకుండా పడుకోలేకపోతున్నాను. తలుచుకుని అసలే పడుకోలేకపోతున్నాను.

శుద్ధ ఏకాదశి

నా కుర్చీ ఖాళీ అవుతుందనుకున్నాను. కాలేదు. ఇంకా ఎక్కువమంది వస్తున్నారు. తప్పు ఒప్పుకున్న డాక్టరమ్మ అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారట. ఒకాయన నా చెయ్యి పట్టుకుని, “మీలాంటివాళ్ళు అరుదండీ” అన్నాడు. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. పైడిరాజు చావు నాకు చాటింపు అయింది. ఇంతకంటే అసహ్యమైన సంగతి నా వృత్తిలో నేనెరగను. పంచాయితీకి వెళ్ళి గది వదిలేస్తానన్నాను. “ఊళ్ళో నోళ్ళెవరు చూస్తారు, మీ ఏడుపు మీరు పని చేసుకుంటూ ఏడవండి” అన్నాడు పెద్ద. అదీ నిజమే. ఊగే పళ్ళు నా పశ్చాత్తాపం కోసం ఆగవు.

పౌర్ణమి

ఇవాళ పొద్దున తొక్కుడుశాలలో అప్పలనర్సమ్మని చూశాను. మూల సీటు మీద ఉంది. మోకాలు ఒకటి వంగడం లేదు, రెండో కాలితోనే నెడుతోంది. పక్కన నిలబడి బుచ్చిలింగం బతిమాలుతున్నాడు.

“పోయినాయన పేరు మీద పన్ను ఉండదమ్మా. ఆయన వంతు కొట్టేశారు. నీదొక్కటే తొక్కి వెళ్ళు.”

“ఆయనది కాదు బాబూ. ఆ రోజు మా బాకీకి ఊరంతా తొక్కినారు గదా. ఆల్లది నాను ఉంచుకోకూడదు. కొద్దికొద్దిగా తీర్సీసుకుంటాను.”

అతను నా వైపు నిస్సహాయంగా చూశాడు. నేను వెళ్ళి ఆవిడ పెడలు మీద చెయ్యి వేశాను.

“దిగు నర్సమ్మా. అది నీ బాకీ కాదు, నాది. ఈ రోజు నుంచి నీ వంతు కూడా నేనే తొక్కుతాను. బతికినన్నాళ్ళూ తొక్కుతాను.”

ఆవిడ నా చెయ్యి తీసి మెల్లగా పక్కన పెట్టింది. కోపంగా కాదు, పిల్ల చేతిలో కత్తిపీట తీసినట్టు తీసింది.

“వొద్దమ్మా. కడతానంటే ఒకపాలి నమ్మినాను. రెండోపాలి నమ్మడానికి నాకు ఇంట్లో ఎవులున్నారు?”

నాకు నిలబడ్డచోటే ఏడుపొచ్చేసింది. అంతమంది ముందు, ముక్కు చీదుకుంటూ, “నన్ను తిట్టు నర్సమ్మా. నాలుగు తిట్లు తిట్టు. ఇన్నాళ్ళైనా నువ్వు ఒక్క మాట అనలేదు, అదే భరించలేకపోతున్నాను” అన్నాను.

ఆవిడ తొక్కుడు ఆపి నన్ను తేరిపార చూసింది. నేను కట్టిన ముందుపన్ను పెదవుల మధ్య తెల్లగా కనబడింది.

“తిడితే నీకు తేలికవుద్ది తల్లీ. నాకేటొస్తాది?”

మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. నేను వెనక వరసలో ఖాళీ సీటు చూసుకుని కూర్చున్నాను.